మంజీరా ఒడ్డు బడి, కోరంగి రేవు పడవ

కామారెడ్డి, ఎల్లారెడ్డి అంటే ఎవరికీ సముద్రం గుర్తుకు రాదు. బెల్లం గుర్తొస్తుంది, చెరుకు, వరి గుర్తొస్తాయి, పోచారం చెరువు, నిజాంసాగర్ గుర్తొస్తాయి. ఉప్పునీరు కంట పడాలంటే అక్కడి నుంచి వందల కిలోమీటర్లు ప్రయాణం చేయాలి. అయినా ఈ మెట్ట సీమకూ కోస్తాలో పడవలు కట్టిన రేవులకూ మధ్య ఒక దారి ఉంది. అది మంజీరా నది. మహారాష్ట్ర బీడ్ జిల్లాలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, కర్ణాటక మీదుగా తెలంగాణలోకి వచ్చి, దాదాపు 724 కిలోమీటర్లు నడిచి, నిజామాబాద్ జిల్లా కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ నీరు బాసర, భద్రాచలం, రాజమండ్రి దాటుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట దిగాక పాయలుగా చీలుతుంది. గౌతమి పాయ పట్టుకుని పోతే యానాం, తాళ్లరేవు, కోరంగి వస్తాయి, ఆ తర్వాత సముద్రమే.

ఈ నీటి దారి పైకొసన చెరువు తెప్పలు, మేదరి అల్లిన పుట్టీలు, ఉర్దూ రిజిస్టర్లున్న పాత బడులు ఉన్నాయి. కిందికొసన ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు, ఆ రేవులోనే ఒక ఇంగ్లీషు బడి ఉన్నాయి. కింది బడి సంగతి తెలుగువాళ్లకు కొంత తెలుసు. పై బడుల సంగతి ఆ ఊళ్ల వృద్ధులకు తప్ప ఎవరికీ తెలియదు. ఈ తేడా ఎందుకొచ్చిందో చూడాలంటే ముందు ఎల్లారెడ్డి నుంచే మొదలుపెట్టాలి.

ఎల్లారెడ్డి, కామారెడ్డి రెండూ నిజాం కాలం నుంచి తాలూకా కేంద్రాలు. 1905లో ఇందూరు జిల్లా నిజామాబాద్ అయినప్పుడు ఈ రెండు తాలూకాలూ ఆ జిల్లాలోనే ఉన్నాయి. 2016 అక్టోబరు 11న కామారెడ్డి వేరే జిల్లా అయింది, ఎల్లారెడ్డి అందులో రెవెన్యూ డివిజన్ అయింది. సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ పోయే రైలు మార్గం కామారెడ్డి మీదుగా పడింది కాబట్టి ఆ ఊరికి బజారు, రాకపోకలు పెరిగాయి. ఎల్లారెడ్డికి రైలు రాలేదు. దానికి నీళ్లు వచ్చాయి.

ముందు పోచారం. నాగిరెడ్డిపేట పక్కన ఆలేరు వాగు మీద కట్టిన ఆ జలాశయం 1922 నాటికి పూర్తయింది. మరుసటి ఏడు, 1923లో, మంజీరా మీద నిజాంసాగర్ పనులు మొదలయ్యాయి. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. అచ్చంపేట దగ్గర కట్ట లేచింది, కట్ట మీద మోటారు నడిచేంత బాట వేశారు, 1931లో పని ముగిసింది. నలభైకి పైగా ఊళ్లను ఖాళీ చేయించాల్సి వచ్చింది. కాలువ కింద లక్షల ఎకరాల ఆయకట్టు, ఆ ఆయకట్టు మీద చెరుకు, ఆ చెరుకు మీద 1937లో బోధన్ శక్కర్ నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ. ఇదంతా పుస్తకాల్లో ఉంది. ఖాళీ అయిన ఆ ఊళ్లలో బడి ఎవరి అరుగు మీద నడిచేదో, పంతులు ఎవరో, వాగు పొంగితే పిల్లలు దేనిమీద దాటేవారో మాత్రం ఏ ఇంజనీరు నివేదికలోనూ దొరకదు. అవి నివేదికలో రాయాల్సిన విషయాలని అప్పట్లో ఎవరికీ అనిపించలేదు.

ఆ కాలపు బడి రెండు రకాలు. ఒకటి వీధి బడి. పంతులు ఇంటి అరుగో, గుడి మండపమో, చావడో, వేపచెట్టు నీడో చాలు. నేల మీద ఇసుక పరిచి వేలితో ఓనమాలు దిద్దించేవారు. పలకా బలపం తర్వాతి మెట్టు. పెద్ద బాలశిక్ష ఊరికి ఒకటో రెండో ఉండేవి, మిగతాదంతా నోటి పాఠమే. ఎక్కాలు రెండు నుంచి మొదలై ఇరవై దగ్గర ఆగేవి కావు. పావు ఎక్కం, అర ఎక్కం, ముప్పాతిక ఎక్కం కూడా ఒప్పజెప్పాలి. ఇప్పటి పిల్లలు వినని ఎక్కాలవి. కానీ గజం బద్ద లేని రోజుల్లో జానెడు, మూరెడు, బారెడు లెక్కలతో కలప కోసే వడ్లాయనకు, ధాన్యం కొలిచే షావుకారుకు, వల అల్లేవాడికి పూర్తి అంకెల కంటే పావు ముప్పాతికలతోనే ఎక్కువ పని. ఊరి పనికి పనికొచ్చే లెక్కను ఊరి బడి నేర్పింది. దాన్ని వెనుకబడిన చదువు అని కొట్టిపారేయడం న్యాయం కాదు.

రెండోది సర్కారు బడి. ప్రాథమిక స్థాయి తహతానియా, మాధ్యమిక స్థాయి వస్తానియా, ఉన్నత పాఠశాల ఫౌఖానియా. పైకి పోయేకొద్దీ చదువంతా ఉర్దూలో. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో వచ్చాక ఆ మెట్ల వరుస పూర్తయింది. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ. దవాత్ (సిరాబుడ్డి), కలం, హాజిరీ (హాజరు), జమాత్ (తరగతి), ఛుట్టీ (సెలవు) అన్న మాటలు అలా ఎల్లారెడ్డి ఇళ్లలోకి నడిచొచ్చాయి, వాటిలో కొన్ని ఇప్పటికీ పెద్దవాళ్ల నోట వినిపిస్తాయి. ప్రైవేటుగా బడి పెట్టుకుందామంటే, ఖాంగీ బడులకు సర్కారు అనుమతి తప్పనిసరి అన్న నిబంధన 1920ల్లో అడ్డొచ్చింది. తెలుగు చదువు కోసం జరిగిన పోరాటం చిన్నది కాదు. 1921లో హైదరాబాదులో పుట్టిన ఆంధ్ర జన సంఘం, తర్వాత ఆంధ్ర మహాసభ మాతృభాషలో చదువు కావాలని అడుగుతూనే వచ్చాయి. 1937లో ఆ మహాసభ ఆరో సమావేశం నిజామాబాద్‌లోనే జరిగింది. 1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిశాకే ఉన్నత తరగతుల్లోకి తెలుగు వచ్చింది. ఒకే బడిలో అన్న ఉర్దూలో, తమ్ముడు తెలుగులో చదివిన ఇళ్లు ఈ తాలూకాల్లో ఉండటం అందుకే.

ఆ బడుల రిజిస్టర్లు ఇప్పుడు ఎవరి చేతికైనా దొరికితే వాటిని చదవడమే ఒక పని. రాత ఉర్దూ, సంవత్సరం నిజాం సర్కారు వాడిన ఫసలీ. 1340 ఫసలీ అని ఉంటే దానికి 590 కలపాలి, అది 1930–31. అంటే నిజాంసాగర్ కట్ట పూర్తవుతున్న ఏడు. నెలలు కూడా ఆజూర్, దై, బహ్మన్ అంటూ వేరే పేర్లతో నడుస్తాయి. పిల్లవాడి పేరు, తండ్రి పేరు, తండ్రి వృత్తి, ఊరు అన్న నాలుగు గడులు చాలు, ఆ కాలంలో ఏ ఊళ్లు ఉన్నాయో, ఏ వృత్తులవాళ్లు పిల్లల్ని బడికి పంపారో చెప్పడానికి. చేపలు పట్టే ఇంటి నుంచి ఎవరు వచ్చారో, ఎన్నో జమాత్‌లో మానేశారో కూడా అందులోనే తెలుస్తుంది. పాఠశాల భవనం మారినప్పుడల్లా ఇలాంటి రిజిస్టర్లు బీరువా అడుగుకు, అక్కడి నుంచి చెదలకు పోతాయి.

కోటలకు ఆ కష్టం కొంత తక్కువ. కామారెడ్డి పక్కనే ఉన్న దోమకొండ కోటను శ్రద్ధగా బాగుచేశారు. 2022లో దానికి యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారం దక్కింది. ఆ పని చేసినవాళ్లను మెచ్చుకోవాల్సిందే. అరుగు బడికి మాత్రం రాతి గోడలుండవు, వారసులుండరు. దాన్ని కాపాడగలిగేది కాగితం ఒక్కటే.

ఇక పడవలు. ఈ ప్రాంతంలో చేపల వేట గంగపుత్రులది, ముదిరాజులది. చెరువుల్లో ఎప్పటి నుంచో ఉన్న వృత్తే గానీ, నిజాంసాగర్ నిండాక నీటి విస్తీర్ణం ఒక్కసారిగా పెరిగింది. చెరువులో మొల లోతు నీళ్లలో నిలబడి వల విసిరితే సరిపోతుంది, మైళ్ల కొద్దీ పరుచుకున్న జలాశయంలో తేలే సాధనం కావాలి. తెలంగాణ నీళ్ల మీద అలాంటి సాధనాలు చాలానే తిరిగాయి. ఎండిన సొరకాయ బుర్రలు కట్టుకుని ఈదడం, తేలిక కట్టెలు జతచేసి కట్టిన తెప్ప, అన్నిటికన్నా అందమైనది పుట్టి.

పుట్టిని కట్టడం దగ్గరుండి చూడాల్సిన పని. మేదరి చేతిలో వెదురు దబ్బలుగా చీలుతుంది. దబ్బలు నేల మీద అడ్డంగా, నిలువుగా పరిచి మధ్య నుంచి అల్లుకుంటూ అంచులకు వస్తారు. అంచు దగ్గర దబ్బల్ని పైకి వంచి, చుట్టూ లావు వెదురు కట్టు బిగిస్తారు. ఆ కట్టు వదులైతే పుట్టి నీళ్లలో విచ్చుకుపోతుంది కాబట్టి అక్కడే పనితనమంతా. తర్వాత బోర్లా తిప్పి, పూర్వమైతే ఎద్దు తోలో దున్న తోలో కప్పి కుట్టేవారు. తోలు పోయి తార్పాలిన్, ప్లాస్టిక్ పట్టా వచ్చాయి, పైన తారు పూత. గుండ్రటి అడుగు కాబట్టి బండరాయి తగిలినా చీలదు, మూరెడు లోతు నీళ్లలోనూ తేలుతుంది, ఒడ్డుకు చేరాక ఒక మనిషి తల మీద పెట్టుకుని ఇంటికి పోవచ్చు. ముందూ వెనకా లేని పడవ అది. తెడ్డు వేయడం రానివాడు ఎక్కితే ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. తెడ్డును ముందుకు చాపి నీటిని తన వైపు లాక్కునే ఒడుపు పట్టుబడాలి, అది చిన్నప్పుడే పట్టుబడుతుంది.

ఈ పడవ వయసు తక్కువేమీ కాదు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, అక్కడి నదిని దాటించే బుట్టల్లాంటి గుండ్రటి పడవల గురించి, వాటి బయట కప్పిన తోలు గురించి రాశాడు. తుంగభద్ర మీద తిరిగిన పుట్టికి అలా ఐదు వందల ఏళ్ల నాటి సాక్ష్యం మిగిలింది. మంజీరా పుట్టి గురించి అలా రాసిపెట్టిన యాత్రికుడెవరూ కనిపించరు.

అలా రాసి ఉంటే ఏమయ్యేదో చెప్పడానికి కామారెడ్డికి ఉత్తరాన, పాత నిజామాబాద్ జిల్లాలోనే ఒక ఊరుంది, కోనసముద్రం. అక్కడి కమ్మరులు మట్టి మూసల్లో ఇనుము కరగబెట్టి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంతదూరం నుంచి వచ్చేవారు. పేరుపొందిన డమాస్కస్ కత్తులకు అలాంటి ఉక్కే మూలం. 19వ శతాబ్దం తొలినాళ్లలో సర్వే బృందంతో తిరిగిన హెన్రీ వాయిసీ అనే వైద్యుడు, భూగర్భ పరిశోధకుడు ఆ కొలుముల దగ్గర నిలబడి పనిని చూశాడు, రాసిపెట్టాడు. ఆ కొలుములు ఆరిపోయి ఎంతో కాలమైంది. అయినా ఇవాళ దేశదేశాల లోహశాస్త్రజ్ఞులకు కోనసముద్రం పేరు తెలుసు. మూసకు ఏ మట్టి వాడారు, ఎంతసేపు కాల్చారు అన్న వివరం కాగితం మీదికి ఎక్కినందువల్లే అది సాధ్యమైంది.

గోదావరి కిందికి పోతే, రాసిపెట్టిందే నిలుస్తుందన్న ఈ మాటకు ఇంకో రుజువు దొరుకుతుంది.

పై గోదావరి అడవుల టేకు దుంగలు తెప్పలుగా కట్టి వరద నీటి మీద వదిలేవారు. భద్రాచలం, ఇంకా పైన సిరోంచ వైపు నుంచి కూడా అవి రాజమండ్రికి, అక్కడి నుంచి డెల్టా రేవులకు చేరేవి. మంచి టేకు నది మోసుకొస్తుంది, లోతైన పాయ పక్కనే ఉంది, చేయి తిరిగిన వడ్రంగులున్నారు. ఓడలు కట్టడానికి ఇంకేం కావాలి? 17వ శతాబ్దంలోనే నరసాపురం, దాని పక్కనున్న మాధవాయిపాలెం ఓడల నిర్మాణానికి పేరు పొందాయి. ఐరోపా కంపెనీల వాళ్లు సైతం అక్కడ ఓడలు కట్టించుకున్నారు, బాగుచేయించుకున్నారు. తర్వాత వంతు కోరంగిది. కలకత్తాకూ శ్రీలంకలోని ట్రింకోమలీకీ మధ్య పెద్ద ఓడను రేవు లోపలికి తెచ్చి మరమ్మతు చేయగల చోటు కోరంగే అని ఆ రోజుల్లో చెప్పుకునేవారు. 1802లో ఎబెనేజర్ రోబక్ అనే ఆంగ్లేయుడు అక్కడ ఓడల మరమ్మతుకు డాకు కట్టించాడు.

ఆ రేవును కొట్టింది రెండు దెబ్బలు. మొదటిది గాలివాన. 1789 డిసెంబరులో ఉప్పెన ఊరి మీద పడింది. కలకత్తాలో ఉండి తుపానుల మీద పరిశోధన చేసిన హెన్రీ పిడింగ్టన్ ఆ విపత్తు గురించి వివరంగా రాశాడు. సైక్లోన్ అన్న పేరు పెట్టినవాడు ఆయనే. 1839 నవంబరులో మళ్లీ అంతకంటే పెద్ద ఉప్పెన. రెండో దెబ్బ మెల్లగా, చప్పుడు లేకుండా వచ్చింది. గోదావరి తెచ్చిన ఒండ్రు పాయ నోట్లో పేరుకుని పెద్ద ఓడలకు దారి మూసుకుపోయింది, వ్యాపారం కాకినాడకు తరలింది. ఒండ్రు దెబ్బ పైనున్న నిజాంసాగర్‌కూ తప్పలేదు. దాదాపు 30 టీఎంసీలతో కట్టిన జలాశయం నలభై ఏళ్లలో చాలా భాగం పూడిపోయింది. 1970ల్లో కట్ట ఎత్తు పెంచితే సామర్థ్యం 17.8 టీఎంసీల దగ్గర నిలబడింది.

కోరంగి రేవు దిగజారుతున్న ఆ రోజుల్లోనే, 1870ల మొదట్లో, అక్కడి ఇంగ్లీషు బడికి ఒక యువకుడు ప్రధానోపాధ్యాయుడిగా వచ్చాడు. పేరు కందుకూరి వీరేశలింగం. ఇరవై నాలుగైదు ఏళ్ల వయసు. రెండేళ్లు అక్కడ పాఠాలు చెప్పి ధవళేశ్వరం వెళ్లాడు. 1874లో వివేకవర్ధని పత్రిక, ఆడపిల్లల బడి ధవళేశ్వరంలో మొదలయ్యాయి. కోరంగి బడి అంత పెద్దదేమీ కాదు. మద్రాసు రాష్ట్రంలో అలాంటివి చాలా ఉండేవి. 1843లో మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ పెట్టిన పాఠశాల దీనికంటే పేరుమోసింది. అయినా కోరంగి బడి పేరు తెలుగు సాహిత్య చరిత్రలో నిలిచింది. అక్కడ పనిచేసిన ఉపాధ్యాయుడు తర్వాత స్వీయ చరిత్ర రాసుకున్నాడు, అందులో ఆ ఊరికి చోటిచ్చాడు. ఎల్లారెడ్డి తహతానియా టీచర్‌కో, నాగిరెడ్డిపేట అరుగు బడి పంతులుకో స్వీయ చరిత్ర లేదు. తేడా అంతే.

కోరంగి జనంలో చాలామంది పొట్ట చేతపట్టుకుని బర్మాకు ఓడెక్కారు. రంగూన్ రేవులో తెలుగు కూలీలందరినీ కోరంగీలు అని పిలిచేంతగా ఆ ఊరి పేరు అక్కడ పాకింది. అలా వెళ్లినవాళ్లలో మల్లాడి సత్యలింగం నాయకర్ ఒకరు. ఓడలతో, సముద్రంతో బతికే అగ్నికుల క్షత్రియ కుటుంబంలో పుట్టి, కూలీగా వెళ్లి, రంగూన్‌లో ఓడ సరుకుల కాంట్రాక్టులతో పెద్ద సంపన్నుడయ్యారు. 1915లో మరణించిన ఆయన తన ఆస్తిని చదువుకు, అన్నదానానికి వీలునామా రాశారు. కాకినాడ జగన్నాథపురంలోని ఎం.ఎస్.ఎన్. చారిటీస్ విద్యాసంస్థలు ఆ వీలునామా ఫలం. తనకు దక్కని చదువును వెనక వచ్చే పిల్లలకు దక్కేలా చేసిన ఆ మనిషి గురించి పాఠ్యపుస్తకాల్లో ఇంకా ఎక్కువ ఉండాలి. కోస్తాలో పడవకూ బడికీ ఉన్న బంధానికి అంతకంటే బలమైన ఉదాహరణ లేదు.

రేవు పోయినా పని పోలేదు. కోరంగి పక్కనే ఉన్న తాళ్లరేవులో పడవలు కట్టే పని తరాలుగా సాగుతూ వచ్చింది. మచిలీపట్నం దగ్గర గిలకలదిండిలోనూ ఆ పని చూడొచ్చు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేటకు నిషేధం. సముద్రం ఖాళీ అవుతుంది, ఒడ్డు నిండుతుంది. పడవలన్నీ పైకి లాగి మరమ్మతులు మొదలుపెట్టేది ఆ రెండు నెలల్లోనే.

చెక్క పడవ కట్టేచోట కాగితం కనిపించదు. అడుగు దూలం దిమ్మల మీద పరిచి, ముందూ వెనకా కొమ్ములు నిలబెట్టాక పెద్ద మేస్త్రీ కన్నే కొలబద్ద. పక్కటెముకలకు నిటారు కలప పనికిరాదు, చెట్టు మీదే వంకర తిరిగిన కొమ్మలను వెతికి తెస్తారు. ఆ సహజమైన వంపులో కలప నార తెగదు కాబట్టి కెరటం దెబ్బకు ఆగుతుంది. పలకను వంచాలంటే తడిపి, కింద సన్నటి సెగ పెట్టి, బరువు వేసి, ఓపికగా దించాలి. తొందరపడితే పలక చిట్లుతుంది, ఆ ఖరీదు మేస్త్రీదే. అన్నిటికన్నా చివర వచ్చేది సందు పూడ్చే పని. నూలు పేనిన తాడును రెండు పలకల మధ్య సందులో పెట్టి, మొద్దు ఉలి ఆనించి, సుత్తితో చిన్నగా కొట్టుకుంటూ పోతారు. దెబ్బ గట్టిదైతే పలకలు విడిపోతాయి, మెత్తనైతే నీరు ఊరుతుంది. సందు నిండిందో లేదో సుత్తి చప్పుడు మారడాన్ని బట్టి తెలుస్తుంది. పైన గుగ్గిలం, నూనె కలిపి కాచిన ముద్ద మెత్తుతారు. ఆ చప్పుడు తేడాను ఏ పుస్తకం నేర్పుతుంది? పక్కన కూర్చుని వినాలి, కొన్నేళ్లపాటు వినాలి.

ఇదే తీరంలో మేకు లేని పడవలూ ఉండేవి. రేవు లేని ఇసుక తీరంలో కెరటం పడవను ఎత్తి ఇసుక మీద కొడుతుంది. మేకులతో బిగించిన పలకలు ఆ దెబ్బకు ఊడిపోతాయి. కొబ్బరి పీచు తాడుతో కుట్టిన పలకలు మాత్రం కాస్త కదిలి, దెబ్బను మింగి, మళ్లీ సర్దుకుంటాయి. మద్రాసు, మచిలీపట్నం తీరాల్లో దూరంగా ఆగిన ఓడల నుంచి సరుకునూ మనుషులనూ ఒడ్డుకు చేర్చినవి ఈ కుట్టు పడవలే. మసూలా పడవలు అని వాటికి పేరు. మద్రాసు రాష్ట్ర మత్స్యశాఖలో పనిచేసిన జేమ్స్ హోర్నెల్ తీరమంతా తిరిగి తెప్పలు, నావలు, మసూలాలు ఒక్కొక్కటీ ఎలా కట్టారో గమనించి, 1920లో భారతీయ పడవల నిర్మాణం మీద పెద్ద గ్రంథం ప్రచురించాడు. కుట్టు పడవ గురించి ఈనాడు ఇంత తెలుస్తోందంటే అందులో ఆయన శ్రమ చాలా ఉంది.

స్వాతంత్ర్యం తర్వాత పడవ వేగంగా మారింది. 1950ల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ నిపుణులు వచ్చి చిన్న మరపడవలకు నమూనాలు గీశారు. విశాఖ రేవులో పాబ్లో, రొయ్య, సోరా, సోనా అంటూ రకరకాల మరపడవలు తిరిగాయి. తర్వాత ఫైబర్ వచ్చింది. ఒక అచ్చు తయారు చేసుకుంటే చాలు, దాని మీద గాజు నార పొరలు, జిగురు వేసుకుంటూ ఎన్ని పడవలైనా తీయొచ్చు. తేలిక, కుళ్లదు, ఏటేటా సందులు పూడ్చే పని లేదు, వెనక మోటారు బిగిస్తే వేగం. చెక్క దొరకని, దొరికినా కొనలేని రోజుల్లో వేటగాడికి అది మేలే చేసింది. నిజాంసాగర్ ఒడ్డుకూ మార్పు వచ్చింది. తెలంగాణ జలాశయాల్లో ఇప్పుడు ఎక్కువగా కనిపించేవి ప్లాస్టిక్ పట్టా చుట్టిన థర్మకోల్ తెప్పలు, లారీ ట్యూబులు, ఫైబర్ పుట్టీలు. 2016 తర్వాత ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలు వదలడం మొదలుపెట్టాక నీళ్లలో చేప పెరిగింది. ఆ చేపను పట్టడానికి వెదురు పుట్టీయే కావాలని ఎవరూ పట్టుబట్టనక్కర్లేదు. థర్మకోల్ తెప్ప గాలికి తలకిందులైతే, బరువైన వల కాలికి చుట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఆ ప్రమాదాల గురించి మాట్లాడాల్సిన అవసరం, పాతవాటిని తలుచుకోవాల్సిన అవసరం కంటే ఎక్కువ.

కానీ వాడకం పోవడం వేరు, వివరం పోవడం వేరు. తాళ్లరేవు పడవ వాడకం తగ్గినా హోర్నెల్ పుస్తకం, మత్స్యశాఖ నమూనాలు, ఇంకా పని చేస్తున్న మేస్త్రీలు ఉన్నారు. మంజీరా పుట్టి విషయంలో ఆ మూడింటిలో ఒక్కటీ గట్టిగా లేదు. ఎన్ని దబ్బలు, ఎంత వెడల్పు, అంచు కట్టుకు ఏ వెదురు, తోలు ఎన్ని రోజులు నానబెట్టారు, తెడ్డు ఏ కట్టెతో చేశారు, నిజాంసాగర్ గాలికి ఏ నెలలో నీళ్లలోకి దిగేవారు కాదు అన్న ప్రశ్నలకు జవాబు చెప్పగల మనుషులు ఎనభై దాటినవాళ్లు. ఉర్దూ ఫౌఖానియాలో చదివి, ఫసలీ తేదీని చూడగానే ఇంగ్లీషు సంవత్సరం చెప్పగలిగేవాళ్ల వయసూ అంతకంటే ఎక్కువే. ఈ రెండు రకాల వృద్ధులూ తరచు ఒకే వీధిలో ఉంటారు, కొన్నిచోట్ల ఒకే ఇంట్లో ఉంటారు.

కాబట్టి ఈ పని విశ్వవిద్యాలయం నుంచి పరిశోధకులు వచ్చేదాకా ఆగాల్సినది కాదు. కామారెడ్డి జిల్లాలో నిజాం కాలం నాటి పాఠశాల ఉన్న ప్రతి ఊళ్లో ప్రధానోపాధ్యాయులు బీరువా అడుగున ఉన్న పాత ప్రవేశ రిజిస్టర్లను బయటికి తీయించాలి. పుటలకు ఫోన్‌తో ఫొటోలు తీసి, ఉర్దూ తెలిసిన పెద్దలను పక్కన కూర్చోబెట్టుకుని ఆ పేర్లు, ఊళ్లు, తండ్రుల వృత్తులు తెలుగులో రాయించాలి. మత్స్యకార సహకార సంఘాలు తమ పెద్దల చేత ఒక్క వెదురు పుట్టీ అయినా మళ్లీ అల్లించి, అల్లుతున్నంతసేపూ వీడియో తీయించాలి. మునిగిపోయిన ఊళ్ల పేర్లు కూడా వాళ్ల నోటే చెప్పించాలి. ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట, నిజాంసాగర్ మండలాల ఉన్నత పాఠశాలల్లో తొమ్మిదో తరగతి పిల్లలకు వచ్చే వేసవి సెలవుల్లో ఇదే ప్రాజెక్టుగా ఇవ్వొచ్చు. ఒక నోటుపుస్తకం, ఒక కొలత టేపు, ఇంట్లో ఉన్న ఫోను చాలు.